తేటనీటి కింద

వదిన నోటికి మూత లేదని ఆ రేవులో అందరికీ తెలిసిన సంగతే. పడవ ఇంజను ఎంత గోల చేసినా దాని మీదుగా మాట్లాడగలదు. ఆ ఉదయం కూడా రేవు వదిలింది మొదలు ఆడపడుచును ఆటపట్టిస్తూనే ఉంది.

"ఏమ్మా సీసాలమ్మా, ఇన్నాళ్ళూ నా పడవ చేత నీళ్ళు మోయించావు. అది చాలక ఇవాళ బురద కూడానా?"

సీసాలమ్మ అన్నది వదిన పెట్టిన పేరే. అది ఆఫీసులోనూ పాకిపోయి అసలు పేరును మింగేసింది. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో ఏ మూల నీళ్ళు ఎలా ఉన్నాయో పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. సీసాల పెట్టె పట్టుకుని వదిన పడవ ఎక్కేది. ఉప్పెంత ఉంది, మసకెంత ఉంది, చేపలు పీల్చుకోవడానికి ఆక్సిజన్ ఎంత ఉంది అని కొలిచేది. ఇదివరకైతే నీళ్ళతోపాటు అడుగునున్న మట్టిని కూడా గొట్టంతో పైకి తీసి చూసేవాళ్ళు. మొగకు అడ్డంగా గేటు కట్టిన కొత్తలో, మనుషులు చాలరంటూ పైవాళ్ళు ఆ మట్టి పని ఆపించేశారు. ఇన్నాళ్ళకు, ఆమె పోరు పడలేక, మళ్ళీ ఒప్పుకున్నారు.

ఆ గేటు నడిపేది సీసాలమ్మ అన్నయ్యే, అంటే వదిన మొగుడు. తుఫాను వేళ సముద్రం పొంగి పల్లపు వీధుల్లోకి ఎక్కకుండా కట్టిన గేటది. మొదట్లో గాలివాన వస్తేనే దించేవారు. ఇళ్ళలోకి నీళ్ళు రావడం ఆగిపోయేసరికి పల్లపు వీధులవాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. పెద్ద పోటు వచ్చినప్పుడూ దించమన్నారు. ఆ తర్వాత చిన్న పోటుకూ దించమన్నారు. అడిగినవాళ్ళను కాదనలేని మనిషి అన్నయ్య. చివరికి అది ఎప్పుడూ దిగి ఉండి, పడవలు వచ్చిపోయేటప్పుడు మాత్రమే లేచే గేటయి కూర్చుంది.

లోపల నీళ్ళు నిలిచి తేటపడ్డాయి. ఎప్పుడూ టీ రంగులో ఉండే నీళ్ళు ముఖం చూసుకునేలా మెరుస్తుంటే ఊరు మురిసిపోయింది. సాయంత్రాలు గట్టు మీద జనం కూర్చోవడం మొదలుపెట్టారు. సీసాలమ్మ కూడా మురిసింది. "ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేవు" అని అన్నయ్యతో చెప్పింది కూడా. గుల్లలు తీసేవాళ్ళు మాత్రం ఏడాదిగా మొగ మధ్యనున్న ఇసుక తిప్ప దగ్గరకు రావడం మానేశారు. అడుగు గీకే దంతెలు ఎంత లాగినా ఏమీ తగలడం లేదన్నారు. గుల్లలు ఎటో వలసపోయాయని అందరూ అనుకున్నారు.

పడవ ఆ తిప్ప వైపే పోతోంది. తిప్ప బయటపడాలంటే నీళ్ళు తగ్గాలి. అందుకే సీసాలమ్మ ముందురోజే అన్నయ్యను బతిమాలి, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళకు గేటు ఎత్తించింది. నీళ్ళు సముద్రంలోకి లాగేశాయి. నల్లగా, నున్నగా, తిప్ప వీపు పైకి తేలింది.

"ఇదేంటే, నూనె రాసినట్టుంది?" అంది వదిన ఇంజను ఆపుతూ.

"ఇన్నాళ్ళు నీళ్ళలో నానింది కదా, పైన కాస్త జారుడు పట్టి ఉంటుంది. కింద రాయిలాంటి ఇసుక. ఎన్నేళ్ళు నడిచానో దీని మీద. ఇంటి వసారా ఎలాగో నాకు ఇదీ అంతే. దిగు, భయం లేదు."

వదిన పడవ కట్టే తాడు చేత్తో పట్టుకుని, తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లతో దూకింది.

చప్పుడు రాలేదు. సీసాలమ్మకు ముందుగా వింతగా తోచింది అదే. గట్టి నేల మీద దూకితే 'ధబ్' మనాలి, నీళ్ళలో దూకితే 'బుడుంగ్' మనాలి. ఏదీ అనలేదు. వదిన ఒక్కసారిగా పొట్టిదైపోయింది. మోకాళ్ళు లేవు. మరుక్షణం తొడలు లేవు.

వదిన పకపకా నవ్వింది. "చూడవే నీ వసారా! గృహప్రవేశం చేయించావు కదే నాతో!"

సీసాలమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి అందించింది. వదిన చెయ్యి పట్టుకుని లాగితే, పైకి రావలసిన వదిన రాలేదు, పడవ వెళ్ళి వదిన వైపు ఒరిగింది. రెండోసారి లాగింది. వదిన "అమ్మో, భుజం!" అని అరిచింది. కాళ్ళు కదిలించబోయిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త దిగింది. నడుము దాకా వచ్చాక దిగడం ఆగింది. ఆగిందని ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడే ఆ కంపు పైకి లేచింది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. ఊరంతా మురిసిన తేటనీళ్ళ అడుగు నుంచి.

సీసాలమ్మ కళ్ళముందు ఉన్నది తనకు తెలిసిన తిప్ప కాదు. రూపం అదే, చోటు అదే, లోపల మాత్రం ఇంకేదో. చుక్కాని పక్కనున్న వెదురు గడ తీసి వదిన పక్కన గుచ్చింది. వేడి వెన్నలో గుచ్చినట్టు గడ దిగిపోయింది. ఇంకా నొక్కింది. ఇంకా పోయింది. ఇసుక తగల్లేదు.

"ఏమైందే, అలా చూస్తావు? ముఖం పాలిపోయింది నీకు" అంది వదిన. "నడుం దాకా దిగబడితే చస్తారా ఎవరైనా? ఎవరినన్నా పిలువు, నలుగురు కలిసి లాగుతారు."

చుట్టూ ఎవరూ లేరు. గుల్లలవాళ్ళు రారు. పాటు వేళ పడవలు ఇటు తిరగవు. అప్పుడు సీసాలమ్మ చూపు నీళ్ళ మీద పడింది. ఇందాకటి దాకా సముద్రం వైపు పోతున్న గడ్డిపరక ఒకటి నిలిచిపోయింది. నిలిచి, మెల్లగా ఇటు తిరిగి, పడవ వైపు రావడం మొదలుపెట్టింది.

పోటు తిరిగింది.

గేటు ఎత్తే ఉంది. బయట సముద్రంలో చేపల పడవలు లోపలికి రావడానికి ఎదురు చూస్తుంటాయి. పోటు నిండి అవన్నీ వచ్చేదాకా గేటు ఎత్తే ఉంటుంది. ఈలోగా తిప్ప మీద మనిషి లోతు నీళ్ళు చేరతాయి. వదిన అందులో సగం మనిషి.

ఫోను తీసింది. ఒకసారి జారి పడవ అడుగున పడింది. మళ్ళీ తీసింది.

"అన్నయ్యా, గేటు దించు."

"ఏంటి? ఇప్పుడా? బయట పడవలు బారులు తీరి ఉన్నాయే. మధ్యాహ్నం దాకా ఎత్తి ఉంచమని నిన్న చెవిలో జోరీగలా పోరింది నువ్వేగా?"

"తిప్ప మీద మనిషి దిగబడిపోయింది. నడుం దాకా. నీళ్ళొస్తున్నాయి, దించన్నయ్యా!"

"తిప్ప మీద దిగబడటమేంటి? అది గట్టి ఇసుక కదా."

"కాదు. ఇప్పుడు కాదు."

"ఎవరు దిగబడింది?"

ఆ మాట ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. "వదిన" అంది.

అవతల ఫోను తెగిపోయింది. పడిపోయాడా, విసిరేశాడా, ఏమీ తెలియలేదు. సీసాలమ్మ సముద్రం వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి దూరాన గేటు మీది సైరన్ కూసింది. దాని వెనకే చేపల పడవల హారన్లు ఒక్కసారిగా లేచాయి. ఎవరి నోటికి వచ్చింది వాళ్ళు తిడుతున్నారని ఇంత దూరానికీ తెలుస్తూనే ఉంది.

"మీ అన్నయ్య దించుతున్నాడా?" అంది వదిన.

"దించుతున్నాడు."

"ఆ గేటు సంగతి నాకు తెలుసు. పెళ్ళికూతురు నడిచినట్టు దిగుతుంది. మీ అన్నయ్యలాగే. ఏదీ ఒక పట్టాన తెమలదు." నవ్వబోయింది. నీళ్ళు ఆమె పక్కటెముకలను తాకాయి. నవ్వు మధ్యలో తెగిపోయింది.

ఆ తర్వాత వదిన మాట్లాడలేదు.

ఆ మొగలో ఎన్ని గాలులు చూసిందో సీసాలమ్మ, ఎన్నిసార్లు ఇంజను చెడి కొట్టుకుపోయారో. వదిన నోరు మూతపడటం మాత్రం ఎప్పుడూ చూడలేదు. పోటు కన్నా, బురద కన్నా ఆ నిశ్శబ్దానికే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. వదిన రెండు చేతులూ పడవ అంచు మీద ఉన్నాయి. వేళ్ళు తెల్లబడ్డాయి. కళ్ళు మాత్రం ఆడపడుచు ముఖం మీదే ఉన్నాయి, 'దిగు, భయం లేదు' అన్న ముఖం మీద.

ఏదో ఒకటి చేయాలి. లాగితే రాదు. ఎందుకు రాదు? మట్టి తీసే గొట్టం కూడా ఇలాగే ఇరుక్కునేది. ఎంత బలంగా లాగితే అంత గట్టిగా పట్టేసేది, అడుగున నోరు పెట్టి ఎవరో పీలుస్తున్నట్టు. అప్పుడేం చేసేవాళ్ళు? గొట్టం పక్కనుంచి కిందికి నీళ్ళు వదిలేవాళ్ళు. అడుగుకు నీళ్ళు చేరగానే పట్టు సడలి, గొట్టం తనంతట తనే లేచేది.

పడవలో చేరిన నీళ్ళు బయటికి పారబోసే చిన్న బ్యాటరీ పంపు ఉంది. సీసాలమ్మ దాన్ని ఊడబెరికి పడవ పక్కన నీళ్ళలో ముంచింది. పంపు గొట్టం రెండో కొసను వెదురు గడకు కట్టింది. కట్టిన ముడి రెండుసార్లు ఊడింది. "వదినా, కుడికాలు వైపు గుచ్చుతున్నాను. కాలు లాగకు. నేను చెప్పేదాకా లాగకు" అంది. వదిన తల ఆడించింది.

పంపు బుసకొట్టింది. గడను కాలి వెంబడే కిందికి దింపింది. నల్లటి బుడగలు తెరలు తెరలుగా లేచి, ఆ కంపు ఇద్దరి ముక్కులూ మూసేసింది. నీళ్ళు వదిన చంకల దాకా వచ్చాయి. భుజాల దాకా వచ్చాయి. ఏమీ జరగడం లేదు. గడను ఇంకా లోతుకు, మడమ ఎక్కడుంటుందో ఊహించుకుంటూ, తోసింది. వదిన గడ్డం పైకెత్తి పట్టుకుంది. ఒక చిన్న అల వచ్చి నోట్లోకి పోయింది. దగ్గింది.

అప్పుడు నీళ్ళు ఆగాయి.

మొదట నమ్మలేదు సీసాలమ్మ. గడ్డిపరకల కోసం వెతికింది. అన్నీ ఎక్కడివక్కడే నిలిచి ఉన్నాయి. దూరాన సైరన్ ఆగిపోయింది. నీటి గీత వదిన మెడ మీద, గొంతు గుంట పైన, పెరగకుండా తరగకుండా ఉంది.

"కదిలింది" అంది వదిన. "బూటులో కాలు కదిలిందే."

"బూటు వదిలెయ్. కాలొక్కటే మెల్లగా పైకి తియ్."

కుడికాలు వచ్చింది. ఎడమకాలు చాలాసేపు మొరాయించింది. చివరికి అదీ వచ్చింది. వదిన ఒళ్ళంతా నీటి మీద వాలిపోయింది. సీసాలమ్మ ఆమెను రెండు చంకల కింద పట్టి, తనూ పడుతూ లేస్తూ, పడవలోకి దొర్లించింది. ఇద్దరూ పడవ అడుగున వెల్లకిలా పడిపోయారు. వదిన పైజమా మడతల్లో కిలోల కొద్దీ నల్లబురద. సీసాలమ్మ ఇంజను లాగి గట్టు వైపు తిప్పింది. తను ఏడుస్తున్నానని గట్టుకు చేరేదాకా ఆమెకు తెలియనే లేదు.

ఆస్పత్రిలో నర్సు వదిన కాళ్ళు కడుగుతూ ఆగింది. పళ్ళెంలో టకటకమని ఏవో పడ్డాయి. "ఇంత కష్టంలోనూ గుల్లలు ఏరుకొచ్చారా?" అంది నవ్వుతూ.

సీసాలమ్మ వంగి చూసింది. పైజమా మడతల్లోంచి, బురదతోపాటు జారిపడుతున్నాయి గుల్లలు. పెద్దవి, చేతినిండా వచ్చేవి. రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి. ఒకటి తీసి గోటితో విప్పింది. లోపల మాంసం లేదు. నల్లటి బురద ముద్ద, చిప్ప ఆకారంలోనే పోతపోసినట్టు ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. గుల్లలు ఎటూ వలసపోలేదు. ఎక్కడున్నవి అక్కడే, నోళ్ళు మూసుకుని, పైనుంచి పడుతున్న బురద కింద పూడిపోయాయి. తిప్ప తిప్పంతా. పైన తను పడవలో కూర్చుని, తేటనీళ్ళు సీసాల్లో నింపుకుంటూ, బాగున్నాయి బాగున్నాయి అని చెబుతూ వచ్చింది. మసక పోయిందని సంబరపడిందే గానీ, పోయిన మసక ఎక్కడికి పోయిందని ఒక్కసారీ అడగలేదు. నీళ్ళు కదిలినన్నాళ్ళు ఆ మెత్తటి మట్టిని సముద్రం తీసుకుపోయేది. నీళ్ళు నిలిచాక అది కిందికి దిగింది.

అన్నయ్య వచ్చాడు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. చొక్కా చిరిగి ఉంది. గేటు దగ్గర పడవలవాళ్ళు పట్టుకుని గుంజారని తర్వాత తెలిసింది. మంచం పక్కన నిలబడి భార్య పాదం పట్టుకున్నాడు.

"పట్టుకున్నారా?" అంది వదిన.

"పట్టుకున్నాను."

"నాకు తెలియడం లేదండీ."

అన్నయ్య పాదాన్ని ఇంకా గట్టిగా నొక్కాడు. వదిన తల అడ్డంగా ఊపింది. నరం నలిగిందని, కొన్ని నెలలు పడుతుందని, అప్పటికీ పూర్తిగా తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

వరండాలో సీసాలమ్మ అన్నయ్యకు ఆ గుల్లలు చూపించింది. విప్పి చూపించింది. ఆయన ఆ బురద ముద్దను వేలితో నలిపి చూశాడు.

"అక్కడ దిగమన్నది నేనే" అంది ఆమె. "గట్టి నేలని చెప్పింది నేనే."

"గట్టి నేలే కదా అది" అన్నాడు అన్నయ్య, చిన్నపిల్లాడిలా. "మనిద్దరం దాని మీద పరుగులు తీశాం కదే."

మర్నాడు ఆయన ఒక పొడవాటి వెదురు బొంగు తెచ్చుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని పడవెక్కాడు. గేటు దగ్గర మొదలుపెట్టి వరసగా గుచ్చుకుంటూ వచ్చాడు. గేటు వాకిట్లో బొంగు ఠంగుమంది. కాస్త ఇటు వచ్చాక మెత్తగా ఆగింది. తిప్ప దగ్గరకు వచ్చేసరికి ఆగలేదు. బొంగు మొత్తం పోయి, దాన్ని పట్టుకున్న చెయ్యి భుజం దాకా నీళ్ళలో మునిగింది. ఆయన అలాగే వంగి ఉండిపోయాడు. ఎంతకీ లేవకపోయేసరికి సీసాలమ్మ భయపడి చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"ఇంకో చోట చూద్దాం" అన్నాడు. ఇంకో చోటా అంతే. "ఇంకో చోట" అన్నాడు మళ్ళీ. పొద్దువాలే దాకా అలా తిప్పుతూనే ఉన్నాడు. ఎక్కడో ఒక దగ్గర పాత ఇసుక తగలకపోదని ఆయన ఆశ. ఆమె వద్దనలేదు.

తర్వాత పెద్ద గొడవే జరిగింది. పైవాళ్ళు ముందు నమ్మలేదు. నీళ్ళ పరీక్షలన్నీ బాగున్నాయని ఇన్నాళ్ళూ సీసాలమ్మ చెప్పిన మాటలే ఆమెకు అప్పజెప్పారు. ఆమె గొట్టంతో తీసిన మట్టిని వాళ్ళ బల్ల మీద పెట్టి మూత తీసింది. గదిలో అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచారు. పల్లపు వీధులవాళ్ళు వచ్చి, మళ్ళీ మా ఇళ్ళలోకి నీళ్ళు తెస్తారా అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళది తప్పని ఎవరంటారు? చివరికి తుఫాను కబురు వస్తే తప్ప గేటు దించకూడదని, రోజూ పోటుకూ పాటుకూ నీళ్ళు ఆడనివ్వాలని తేల్చారు. ఒప్పందం అయ్యాక కూడా అన్నయ్య మీట మీద చెయ్యి వేసి, గేటు ఎత్తలేక, చాలాసేపు నిలబడ్డాడట.

గేటు లేచాక మొగ తేటగా మాత్రం లేదు. అడుగు కదిలి నీళ్ళు సిరా రంగుకు తిరిగాయి. కంపు వీధుల దాకా కొట్టింది. చేపలు కొన్ని తేలాయి. గట్టు మీద కూర్చునే జనం సీసాలమ్మను చూసి మొహమ్మీదే అన్నారు. "అద్దంలాంటి నీళ్ళను పాడుచేశావు కదమ్మా!" ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమెకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఇంటికొచ్చి కూర్చుంది.

"వాళ్ళని నా పడవ ఎక్కించు" అంది వదిన మంచం మీద నుంచి. "ఒక్కొక్కరినీ తిప్ప మీద దించొస్తాను." అన్నాక, తన మాటకు తనే ఉలిక్కిపడి, గోడవైపు తిరిగింది.

చలికాలం వెళ్ళేసరికి వదిన మళ్ళీ పడవ నడపడం మొదలుపెట్టింది. ఎడమ పాదానికి ఇంకా స్పర్శ రాలేదు. నీళ్ళు మళ్ళీ టీ రంగుకు వచ్చాయి. తిప్పకు సముద్రం వైపు అంచున బురద కాస్త పలచబడింది. సీసాలమ్మ పడవలోంచే వంగి గొట్టం దింపింది. పైకి తీస్తే అడుగున జానెడు ఇసుక, దాని మీద మూరెడు నలుపు.

"చాలా ఉందా?" అంది వదిన, అటు చూడకుండా.

"ఉంది వదినా. చాలా ఉంది."

వదిన ఇంజను లాగి పడవను మట్టి తీయాల్సిన రెండో గుర్తు వైపు తిప్పింది.